నాలుక తిప్పే ఆవు, తోక వెంట తిరిగే కుక్క

పాలమనేరు, పుంగనూరు వైపు పాడి కొట్టాల్లో ఇలాంటి ఆవు కనబడితే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. నాలుక బయటికి చాపుతుంది, గాలిలో సుడి తిప్పుతుంది, లోపలికి మడుచుకుంటుంది, మళ్ళీ చాపుతుంది. నోట్లో మేతేమీ ఉండదు. 'దానికదో పిచ్చి' అని వదిలేస్తారు, లేదంటే మూతికి తాడు బిగిస్తారు. రెండూ తప్పే. తోక వెంట గుండ్రంగా తిరిగే కుక్కదీ ఇదే తీరు: పనేమీ లేకుండా ఒకే కదలికను పదేపదే చేయడం. ఇది మెదడులో ఎలా పుడుతుందో ముందు చూద్దాం.

నాకు, కొరుకు, నడువు అంటూ మెదడు పైపొర నుంచి సంకేతాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. వాటిలో దేన్ని వదలాలో దేన్ని ఆపాలో తేల్చడంలో లోపలున్న స్ట్రయాటం అనే భాగానిది పెద్ద పాత్ర. అక్కడి నుంచి రెండు దారులు బయల్దేరతాయి. డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని పట్టుకునే గ్రాహకాల్లో డీ1 రకం ఉన్న కణాల దారి కదలికను వదులుతుంది. డీ2 రకం ఉన్న కణాల దారి సబ్‌థాలమిక్ కేంద్రకం అనే మరో మెదడు భాగం మీదుగా చుట్టు తిరిగొచ్చి, అక్కర్లేని కదలికకు అడ్డం పడుతుంది. డోపమైన్ మొదటి దారిని ఎగదోస్తుంది, రెండోదాన్ని అణుస్తుంది. కాబట్టి డోపమైన్ మితిమీరినా, రెండో దారి నీరసించినా జరిగేది ఒకటే. తిరుమల ఘాట్ దిగే బస్సుకు బ్రేకు పట్టనట్టు, మొదలైన కదలిక ఆగదు.

ఎలుకకు డోపమైన్‌ను పెంచే ఆంఫెటమిన్ అనే మందు కొంచెం ఇస్తే అటూ ఇటూ పరుగులు పెడుతుంది. మోతాదు పెంచితే పరుగు ఆగిపోయి, ఉన్నచోటే వాసన చూడటం, నాకడం, కొరకడం మొదలవుతుంది. మందు అక్కర్లేకుండానే ఇలా ఒకే పని పదేపదే చేసేది డీర్ మౌస్ అనే ఉత్తర అమెరికా ఎలుక. ఖాళీ పంజరంలో పెరిగితే రాత్రంతా వెనక్కి పల్టీలు కొడుతుంది. బాగా పల్టీలు కొట్టేవాటిలో ఆ రెండో దారికి గుర్తయిన ఎన్‌కెఫలిన్ అనే రసాయనం తక్కువగా కనిపించింది. చిన్నప్పటి నుంచి ఎక్కడానికి, దాక్కోవడానికి, వెతుక్కోవడానికి ఏదో ఒకటి ఉన్న పంజరంలో పెరిగినవి ఇంతగా కొట్టవు.

ఆవు దగ్గరికి వద్దాం. బయట మేసే ఆవు కసువును నాలుకతో చుట్టి తెంపుతుంది, రోజుకు ఎనిమిది గంటలదాకా అదే పని. కొట్టంలో పలుపుకు కట్టి దాణా పెడితే గిన్నె నిమిషాల్లో ఖాళీ అవుతుంది, నాలుకకు పనుండదు. అందుకే నాలుక తిప్పడం మేత వేళ చుట్టూనే ఎక్కువ కనబడుతుంది. 400 కిలోల సంకర ఆవుకు రోజుకు 10 నుంచి 12 కిలోల పొడి పదార్థం (నీరు తీసేస్తే మిగిలే మేత బరువు) కావాలి. అందులో మూడింట రెండొంతులు పీచు మేత ఉండాలి: పచ్చిమేత 20 నుంచి 25 కిలోలు, పైన వరిగడ్డో వేరుశనగ కట్టో. ఒకేసారి కుమ్మరించకుండా నాలుగు విడతలు చేయండి, రాత్రి పడుకునే ముందు ఒక విడత గడ్డి తప్పనిసరి. చాఫ్ కట్టర్‌లో పొడిలా నరికితే నమలడం తగ్గిపోతుంది. అంగుళం ముక్క చాలు.

దూడ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బకెట్‌లో పాలు పోస్తే గుటగుటా తాగేస్తుంది గానీ చీకాలన్న ఆరాటం మరో పది నిమిషాలు ఉంటుంది. అప్పుడే పక్క దూడ చెవి, బొడ్డు పట్టుకుంటుంది, బొడ్డుకు చీము పడుతుంది. చన్ను అమర్చిన బకెట్ వాడి, పాలయ్యాక వెంటనే లేత గడ్డి అందించండి.

అన్నీ ఇదే అనుకోకూడదు. గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంటే మెదడులో బద్దెపురుగు బుడగ ఉండొచ్చు. ఎముకలు, గుడ్డలు నమిలే ఆవుకు భాస్వరం లోటు ఉండొచ్చు. దానికి ఖనిజ మిశ్రమం రోజుకు 50 గ్రాములు. తోక వెంట తిరిగే కుక్కకు ముందు మలద్వారం పక్కనున్న గ్రంథులు, గోమార్లు, నడుము నొప్పి చూడాలి. చొంగ కార్చే పశువు మింగలేకపోతుంటే నోట్లో చెయ్యి పెట్టకండి, రేబిస్ కావచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు మేతకు ముందు, మేత తర్వాత, మధ్యాహ్నం పది నిమిషాల చొప్పున ఫోన్‌లో వీడియో తీయండి. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళినా ఇదే పనికొస్తుంది, ఎందుకంటే కొత్త చోట పశువు ఆ పని చేయకపోవచ్చు. మధ్యలో తాజా కసువు చూపండి. నాలుక తిప్పడం వదిలేసి తింటే ఇంకా ముదరలేదు. కసువు ముందున్నా నాలుక ఆగకపోతే పాతుకుపోయింది.

పాతుకుపోయినదాన్ని పరిసరాలు మార్చి పూర్తిగా తుడిచేయడం కష్టం. నిమిషాలు తగ్గాయా లేదా అన్నదే లెక్క. కుక్కల్లో క్లోమిప్రమిన్, ఫ్లూయాక్సెటిన్ అనే మందులు వాడతారు. మోతాదు డాక్టరే బరువును బట్టి నిర్ణయించాలి. ఫలితం తేలడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులు చూసి 'పనిచేయలేదు' అని ఆపేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. ఇక మూతికి తాడు సంగతి: తొట్టి అంచు కొరికి గాలి మింగే గుర్రాన్ని కొంతకాలం కొరకనీయకుండా ఆపి వదిలితే, ముందుకన్నా ఎక్కువగా కొరికింది.