కార్డు అప్పు తీరుస్తూనే ఆదివారం బిరియానీ

క్రెడిట్ కార్డు మీద లక్ష బాకీ ఉందనుకోండి. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 3,500, దానిపై 18 శాతం జీఎస్టీ 630. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం, 5,000 కడితే అసలులో తగ్గేది 870 మాత్రమే. పైగా బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్న వాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే ముందు ఆ కార్డు వాడకం ఆపాలి, ఫుడ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు నంబరు తీసేయాలి.

ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ ఒకేసారి కట్టేయడం మేలు. వడ్డీ చాలావరకు మూడో వంతుకు పడిపోతుంది. ఆ తర్వాత మళ్లీ కార్డు గీకితే మాత్రం రెండు అప్పులవుతాయి.

సరదాలన్నీ మానేయమని నేను చెప్పను. అలా బిగించుకున్నవాళ్లే దసరాకో, చుట్టాల పెళ్లికో కార్డు బయటకు తీస్తారు. జీతం పడ్డ రోజే అప్పు ఈఎంఐ కట్టేసి, సినిమాకీ బిరియానీకీ 1,500 ఫోన్లో చిన్న చెల్లింపులకు వాడే వాలెట్ అయిన యూపీఐ లైట్‌లో వేసుకోండి, డబ్బు తగ్గగానే దానంతటదే నింపే ఆటో టాప్-అప్ ఆపేసి. పండగలకూ చదివింపులకూ ఏడాదికి 12,000 అవుతుందనుకుంటే, నెలకు వెయ్యి చొప్పున వేరే ఖాతాలో రికరింగ్ డిపాజిట్ కట్టండి.