బాత్‌రూం దాకా పన్నెండడుగులు

పోయిన శ్రావణంలో, వాన వెలిసిన పొద్దున పెరట్లో కుళాయి దగ్గర నాచు మీద కాలు జారి పడ్డాను. నాకు 72 ఏళ్లు. కుడికాలు కదపబోతే ప్రాణం పోయినంత పనైంది. అంబాజీపేట దగ్గర మా ఊరి నుంచి రాజమండ్రి తీసుకెళ్లారు. జొన్నాడ వంతెన మీద "అమ్మా, గోదారి ఎర్రగా వచ్చింది" అని మావాడు అంటున్నా తల తిప్పి చూడలేకపోయాను.

తుంటి దగ్గర తొడ ఎముక మెడ, అంటే గుండు కిందుండే సన్నటి భాగం, విరిగిందన్నారు. అక్కడ విరిగితే పైనున్న గుండుకు రక్తం సరిగా అందదట, నా వయసులో అతుక్కోవడం కష్టమట. అది తీసేసి లోహపు గుండు పెట్టారు. మర్నాడే లేపి నిలబెడితే ఏడ్చేశాను. మంచానికే అతుక్కుపోతే ఊపిరితిత్తులకు నెమ్ము వస్తుందని, కాళ్లలో రక్తం గడ్డకడుతుందని, ఉన్న కండ కూడా కరిగిపోతుందని డాక్టరమ్మ నచ్చజెప్పింది.

ఇంటికొచ్చాక నొప్పి కన్నా ఎక్కువ కుంగదీసింది బాత్‌రూం. ప్రతిసారీ కోడల్ని పిలవాలి. పగలంతా చాకిరీ చేసి పడుకున్న పిల్లని రాత్రి మూడుసార్లు లేపడానికి మనసొప్పక, సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు మానేశాను. వారం తిరక్కుండా మూత్రంలో మంట, జ్వరం. కారణం ఎవరికీ చెప్పలేదు.

ఫిజియోథెరపీ చేయించే కుర్రాడు కనిపెట్టేశాడు. "మామ్మగారూ, రాత్రిళ్లు నీళ్లు తాగుతున్నారాండి?" అన్నాడు. నోట మాట రాలేదు. ఆ రోజు మంచం నుంచి బాత్‌రూం దాకా అడుగులు లెక్కపెట్టాడు. పన్నెండు. ఇక మా పనంతా ఆ పన్నెండడుగుల కోసమే.

మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని పది లెక్కపెట్టేదాకా నొక్కిపట్టడం, కుర్చీలోంచి చేతుల సాయం తగ్గించుకుంటూ లేవడం, వాకరుతో నడక. కమోడు మీద ఎత్తు సీటు, గోడకి కడ్డీ పెట్టించాం. బాసింపట్టు, పీట మీద కూర్చోవడం మానేయమన్నాడు. చూడ్డానికొచ్చిన చుట్టాలు "ఈ వయసులో ఎందుకండీ ఈ హింస, హాయిగా పడుకోక" అనేవారు. ప్రేమతో అన్న మాటే, కానీ విని ఉంటే ఈపాటికి మంచంలోనే ఉండేదాన్ని.

దసరా వెళ్లిన నాలుగో రోజు, తెల్లవారకుండానే మెలకువ వచ్చింది. లైటు వేసుకుని, వాకరు పట్టుకుని, ఎవరినీ పిలవకుండా వెళ్లొచ్చాను. మంచం మీద కూర్చున్నాక చాలాసేపు గుండె దడదడలాడింది. పొద్దున్న కోడలు కాఫీ ఇస్తూ, "వాకరు చప్పుడు విన్నాను అత్తయ్యా. లేవకూడదని బిగబట్టుకుని పడుకున్నాను" అంది. ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

తర్వాత వాకరు పోయి కర్ర వచ్చింది. కుడి తుంటి విరిగితే కర్ర ఎడమచేతిలో పట్టుకోవాలని అప్పుడే తెలిసింది. కుడికాలు మోపినప్పుడు దాని మీది బరువు కర్ర కొంత పంచుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు.

సంక్రాంతికి వాకిట్లోకి వచ్చాను. నేను నిలబడి చుక్కలు చెబుతుంటే మనవరాలు ముగ్గు పెట్టింది. కాలవ రేవు మెట్లు మాత్రం ఇంకా దిగలేదు. అక్కడ పట్టుకోవడానికి కడ్డీ లేదు.