ఒక్క ఊపిరిలో ఎంత వరకు

సెలవుల్లో మేం నడిపే పిల్లల బైబిలు క్యాంపులో రాత్రి లెక్క నాది. లైట్లు ఆర్పే ముందు టార్చి పట్టుకుని ఒక్కో గది గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టేదాన్ని. రిజిస్టరులో ఉన్న అంకెతో సరిపోయాకే క్వార్టర్‌కి వచ్చేదాన్ని. పదకొండేళ్లు ఆ పని చేశాను. క్యాంపు బాధ్యత మా ఆయనది. వాక్యం, కార్యక్రమాలు, వాలంటీర్లు ఆయన చూసుకుంటారు. భోజనశాల, పడకలు, జ్వరాలు, ఇంటిమీద బెంగతో రాత్రిళ్లు ఏడ్చే చిన్నపిల్లలు నా వంతు. మా పిల్లలిద్దరూ ఆ ఆవరణలోనే పెరిగారు.

ఆ ఏడాది మూడు విడతలు పెట్టాం. రెండో విడత ఆఖర్లో నాకు విరేచనాలు, జ్వరం పట్టుకుని నాలుగు రోజుల్లో తగ్గాయి. అంతమంది కలిసి తినే చోట కడుపు చెడటం వింతేమీ కాదు, మర్చిపోయాను. పది రోజులకు మూడో విడత మొదలైంది. మొదటి రోజు పొద్దున్నే అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టుంది. చెప్పులు వేసుకున్నానో లేదో కిందికి చూస్తే గానీ తెలియలేదు. మర్నాడు వేదికకున్న మూడు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకున్నాను.

"ఏవండీ, ఈ కాళ్లు నావి కానట్టున్నాయి" అన్నాను.

"వరుసగా మూడు విడతలు నిలబడ్డావు. ఇవాళ కాసేపు పడుకో" అన్నారు ఆయన.

దగ్గర్లోని డాక్టరుకి చూపించుకుంటే నీరసమని చెప్పి విటమిన్లు రాశారు. నేనూ నమ్మాను. క్యాంపు మధ్యలో అంతకంటే పెద్ద జబ్బు రావడానికి నా దగ్గర సమయం లేదనుకున్నాను. ఇది చదివేవాళ్లకి ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. రెండు కాళ్లలోనూ ఒకేలా మొదలైన బలహీనత రోజురోజుకీ పైకి ఎగబాకుతుంటే, విశ్రాంతితో తగ్గుతుందని ఇంట్లో పడుకోవద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను.

మూడో రాత్రి స్నానాల గదిలో కూలబడ్డాను, లేవలేకపోయాను. పదకొండేళ్ల మా పెద్దమ్మాయి చూసింది. క్యాంపు ఫైరు దగ్గరికి పరుగెత్తింది. అంబులెన్సు మా క్వార్టర్ మెట్ల దాకా రాదు. నలుగురు కుర్రాళ్లు, క్యాంపులో పిల్లల్ని చూసుకునే మా కౌన్సిలర్లే, దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని నన్ను కిందికి దించారు.

మార్కు సువార్త రెండో అధ్యాయంలోని ఆ పక్షవాయువు రోగి కథను మేం ప్రతి ఏడాదీ పిల్లలతో నాటికగా వేయిస్తాం. నలుగురు మోసుకొస్తారు, ఇంటి కప్పు విప్పుతారు, పైనుంచి యేసు ముందుకు దింపుతారు. రోగి వేషం ఎప్పుడూ అందరికంటే తేలికగా ఉన్న పిల్లాడికి ఇచ్చేదాన్ని. మాటలు బట్టీపట్టే పని లేదు కదా. నిజమే, సువార్తలోనూ అతను ఒక్కమాట మాట్లాడడు. కానీ అతనికి ఎలా ఉండి ఉంటుందో అన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. దుప్పటి ఒంటిని బిగించేస్తుంది. ఎవరి అడుగు తడబడినా నడుం విరిగినట్టవుతుంది. నిన్నటిదాకా నేను అదమాయించిన కుర్రాళ్ల చేతుల్లో, తడి బట్టలతో, ఆకాశం వైపు చూస్తూ వేలాడుతున్నాను. సిగ్గుతో కళ్లు మూసుకున్నాను.

ఆసుపత్రిలో నరాల డాక్టరమ్మ మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టారు. కాలు కదల్లేదు. రెండోదీ కదల్లేదు. వెన్నులోంచి నీరు తీశారు, నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూశారు. వెన్నునీటిలో ప్రోటీన్ ఎక్కువ, కణాలు మాత్రం పెరగలేదు. గిలియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఫ్రాన్సులో ముగ్గురు వైద్యులు 1916లో ఇద్దరు సైనికులలో దీన్ని గుర్తించి వర్ణించారట. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఒంట్లో చొరబడిన క్రిమిని చంపడానికి పుట్టిన రక్షణ దళం, ఆ క్రిమిని పోలిన పదార్థం నరాల మీదా కనిపించేసరికి పొరపాటున నరాలనే కొరుక్కు తింటుంది. చాలామందికి విరేచనాలో, జలుబో వచ్చి తగ్గిన ఒకటి రెండు వారాలకు మొదలవుతుందట. నేను మర్చిపోయిన ఆ నాలుగు రోజులు అప్పుడు గుర్తొచ్చాయి.

"కాళ్ల సంగతి తర్వాతమ్మా. నాకు భయం మీ ఊపిరి గురించి" అన్నారావిడ. బలహీనత ఛాతీ కండరాల దాకా ఎక్కితే వెంటిలేటరు పెట్టాలి. దానికి యంత్రంతో కొలతలు ఉన్నాయి. వాటితోపాటు మంచం పక్కన నిలబడి చేసే పరీక్ష ఒకటుంది. గుండెల నిండా గాలి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టాలి.

లెక్కపెట్టమన్నారు. నన్ను.

మొదటిసారి ముప్పైఒకటి వచ్చింది. ఆ సాయంత్రం ఇరవైనాలుగు. మర్నాడు పొద్దున పద్దెనిమిది. ప్రతి కొన్ని గంటలకూ నర్సమ్మ వచ్చి "చెప్పండమ్మా" అనేది. నేను ఒకటి, రెండు, మూడు అంటుంటే కళ్లముందు గదుల గుమ్మాలు కనిపించేవి, వరసగా పడుకున్న పిల్లల తలలు కనిపించేవి. పదిహేడు దగ్గర ఊపిరి అయిపోయినప్పుడు, ఇంకా లెక్కపెట్టని పిల్లలు చీకట్లో మిగిలిపోయారన్న భయం నిజంగా పట్టుకుంది. జ్వరం లేదు, మతి తప్పలేదు. అయినా ఆ భయం నిజం.

మందు పేరు ఇమ్యునోగ్లోబ్యులిన్. రక్తనాళంలోకి ఐదు రోజులు ఎక్కించారు, బరువులో కిలోకి రోజుకు 0.4 గ్రాముల చొప్పున. రక్తంలోని ప్లాస్మాను మార్చే పద్ధతి కూడా ఉంది, రెండూ సమానంగా పనిచేస్తాయని చెప్పారు. ఈ జబ్బులో స్టెరాయిడ్లు మాత్రం ఉపయోగపడవట. ఆ సీసాలో ఏముందని అడిగితే నర్సమ్మ చెప్పింది, కనీసం వెయ్యిమంది దాతల ప్లాస్మా కలిపితే గానీ ఆ మందు తయారుకాదని. వెయ్యిమంది. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు, వాళ్ల ప్రార్థన జాబితాలో నా పేరూ లేదు. ఆ చుక్కలు పడుతుంటే చూస్తూ పడుకున్నాను. క్యాంపుకి ఎవరు ఎంత ఇచ్చారో పుస్తకంలో రాసి కృతజ్ఞతలు పంపే అలవాటు నాది. వీళ్లకి ఎక్కడని పంపను?

పదిహేడు దగ్గర అంకె నిలబడింది. రెండు రోజులు అక్కడే ఉంది. డాక్టరమ్మ నవ్వడం అప్పుడు మొదటిసారి చూశాను. వెంటిలేటరు దాకా పోలేదు. కానీ ముఖం కూడా పట్టేసింది, కళ్లు మూతపడేవి కావు. రాత్రి రెప్పలకి ప్లాస్టరు అంటించేవారు. చేతులు ఎత్తలేను, మోకరించలేను, కళ్లు మూయలేను. ప్రార్థనకి నాకు తెలిసిన దారులన్నీ మూసుకుపోయాయి. మాటలైనా వచ్చేవా అంటే, రాలేదు. "ప్రభువా" అన్న తర్వాత ఏమీ ఉండేది కాదు. యేసు ఆ రోగిని బాగుచేసింది మోసుకొచ్చినవాళ్ల విశ్వాసం చూసి అని మార్కు రాస్తాడు. ఆ వాక్యం మీద నేను పాఠాలు చెప్పాను. ఐసీయూలో మాత్రం దాన్ని ఆకలితో ఉన్న మనిషి అన్నం పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

పరామర్శకి వచ్చిన ఒక పెద్దాయన "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో హృదయాన్ని పరీక్షించుకో తల్లీ" అని వెళ్లారు. ఆ రాత్రంతా వెతుక్కున్నాను, ఏడ్చాను. తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. బైబిల్లో, అన్నీ పోగొట్టుకుని జబ్బుపడిన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా నేలమీద అతనితో కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్లు నిజంగా స్నేహితులే. నోరు తెరిచాకే గాయం చేశారు. రోగుల దగ్గరికి వెళ్లే పరిచారకులందరికీ చేతులెత్తి చెప్తున్నాను, ఇప్పుడు నా చేతులు లేస్తాయి: దయచేసి ఆ ప్రశ్న అడగకండి. వెళ్లి కూర్చోండి. కళ్లకి తడిగుడ్డ అద్దండి.

మా ఆయన గురించీ దాచను. నన్ను ఐసీయూలో చేర్చిన రెండో రోజు ఆయన క్యాంపు ముగింపు కూటానికి వెళ్లిపోయారు. నూట నలభైమంది పిల్లల్ని వాళ్ల తల్లిదండ్రులకు అప్పజెప్పాలి, నిజమే. కానీ ఆ రాత్రి పద్దెనిమిది నుంచి పదిహేడుకి దిగినప్పుడు నా పక్కన మా అత్తయ్యగారే ఉన్నారు. చాలా వారాల తర్వాత ఆయనే ఎత్తారు ఆ మాట. "వేదిక మీద నిలబడ్డాను గానీ, ఏం చెప్పానో ఒక్క ముక్క గుర్తులేదు. నీ దగ్గర ఉండాల్సింది" అన్నారు. ఆయన తలమీద చెయ్యి వేయాలనుకున్నాను. భుజం దాకా లేచి ఆగింది. ఆయనే తల వంచారు.

ఇంటికి వచ్చాక రోజులు చాలా నెమ్మదిగా నడిచాయి. ఫిజియోథెరపీ అబ్బాయి మొదటి పాఠమే తక్కువ చేయమని. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఆపాలి, అలసిపోయేదాకా చేస్తే మర్నాడు వెనక్కి పోతాం. ఇది నాకు అన్నింటికంటే కష్టమైంది. నరం పై పొర మాత్రమే దెబ్బతింటే వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది. లోపలి తీగ తెగితే అది రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి. నాకు ఎక్కువ భాగం పై పొరే. మూడో నెలలో వాకరు, ఆరో నెలలో చేతికర్ర. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆరు నెలలకు సొంతంగా నడుస్తారని ముందే చెప్పారు గానీ, మన కాలు కదిలేదాకా ఆ మాట మనది కాదు.

ఆ నెలల్లోనే ఒక సాయంత్రం పెద్దమ్మాయి నా పాదాలకి నూనె రాస్తూ అంది, "అమ్మా, సెలవుల్లో నువ్వు ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి." సంతోషంగానే అంది. ఆ సంతోషం నన్ను కోసేసింది. కాసేపాగి అడిగింది, "రాత్రి లెక్కలో మమ్మల్ని ఎప్పుడూ ఎందుకు వేయవు?" రిజిస్టరులో క్యాంపుకి వచ్చిన పిల్లల పేర్లే ఉంటాయి, సిబ్బంది పిల్లలవి ఉండవు, అదీ కారణం. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. నేను లెక్క ముగించి వచ్చేసరికి వాళ్లిద్దరూ నిద్రపోయి ఉండేవారు, పదకొండేళ్లూ అంతే. దేవుని పని చేస్తున్నాం గనుక పిల్లల్ని ఆయనే చూసుకుంటాడని సాక్ష్యాల్లో చెప్పేదాన్ని. ఆయన చూసుకున్నాడు కూడా. కానీ ఆయన వాళ్లకి ఇచ్చిన అమ్మను నేనే కదా.

ఏడాది దాటింది. పరిచర్య మానలేదు. పొద్దుటిపూట భోజనశాల చూస్తాను, మధ్యాహ్నం తప్పకుండా పడుకుంటాను. అరికాళ్లలో మొద్దుబారడం ఇంకా ఉంది, అలసట చెప్పకుండా వచ్చి మీద పడుతుంది. కొందరికి ఏళ్లతరబడి ఉంటుందట. రాత్రి లెక్క మాత్రం ఒక కౌన్సిలరమ్మాయికి అప్పగించేశాం. మొదటి రోజు ఆమెకి టార్చి ఇస్తుంటే నా చెయ్యి దాన్ని వెంటనే వదల్లేదు.

ఇప్పుడు ఆ వేళకి మేం నలుగురం ఇంట్లో ఉంటాం. కుటుంబ ప్రార్థన అయ్యాక మైదానంలోంచి విజిల్ వినిపిస్తుంది. చిన్నోడికి ఆసుపత్రి పరీక్ష ఆటగా మిగిలింది. నిన్న రాత్రి బుగ్గలు పూరించి, ఎర్రబడి, ఇరవైతొమ్మిది దగ్గర ఆగాడు. అక్క ముప్పైఎనిమిది. "నువ్వు కొట్టమ్మా" అన్నారు ఇద్దరూ. పక్కమీద వాళ్ల మధ్య కూర్చుని గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. చిన్నోడు నా పొట్టమీద చెయ్యి పెట్టి, నేను మధ్యలో గాలి పీలుస్తున్నానేమో కాపలా కాశాడు.

నలభైమూడు.