ఆ సైకిల్ దెబ్బ

పదకొండున్నరయింది, నిద్ర రావట్లేదు. పొద్దున వచ్చిన ఉత్తరాన్ని ఈయన రెండుసార్లు సొరుగులో పెట్టారు, నేను రెండుసార్లూ బయటికి తీశాను. అమెరికా సైన్యంలో పనిచేసొచ్చిన మా చిన్నాడు, మోకాలికి పరిహారమివ్వమని అక్కడి మాజీ సైనికుల శాఖ (VA)లో పెట్టిన క్లెయిమ్ తిరగ్గొట్టారు. దెబ్బ సైన్యంలో చేరకముందుదట, సర్వీసులో ముదరలేదట.

చేరకముందు అంటే ఆ సైకిలే. వాడికప్పుడు పదకొండేళ్ళు. వాలులో బ్రేకు పడక కంకర మీద పడ్డాడు. ఆ మోకాలు చూసి నాకు కళ్ళు తిరిగాయి, వాడేమో "అమ్మా, సైకిల్‌కేం కాలేదు కదా" అని ఏడుస్తూనే అడిగాడు. నెల్లాళ్ళు కుంటుతూ నడిచాడు. తర్వాత స్కూలు టీములో సాకర్ ఆడాడు, పరుగులు పెట్టాడు, ఒక్కనాడు నొప్పి అనలేదు. ఆర్మీలో ఆరేళ్ళు ఆ బరువులన్నీ వీపునేసుకుని నడిచాకే మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవడం మొదలైంది.

మధ్యాహ్నమంతా వాడి మీదే కోపం. చేరేటప్పుడు ఫారంలో ఆ పాత దెబ్బ సంగతి ఎందుకు రాశావని ఫోన్లో అనేశాను కూడా. "అడిగారమ్మా, రాశాను" అన్నాడు.

ఇప్పుడు అమెరికా చట్టాల్లో మాజీ సైనికుల సంగతి చెప్పే 38వ టైటిల్, 1111 సెక్షన్, దాని కింది రూల్సు చదివాక తెలిసింది, వాడు రాయడంలో తప్పేమీ లేదు. చేరే రోజు పరీక్షలో డాక్టరు లోపం నమోదు చేయకపోతే మనిషి బాగున్నట్టే లెక్క, వాడు చెప్పుకున్న పాత సంగతి నమోదు కింద రాదు. ఆ డాక్టరు కాళ్ళకి ఎదురుగా నార్మల్ అనే గుర్తు పెట్టాడు, కాపీ మా దగ్గరే ఉంది! అలాంటప్పుడు దెబ్బ ముందే ఉందనీ, సర్వీసులో ముదరలేదనీ, రెండూ తిరుగులేని ఆధారంతో వాళ్ళే చూపించాలి. ఉత్తరంలో ఆ ఊసే లేదు. ముదిరిందని మీరు రుజువు తేలేదంటూ మా మీదకే తోశారు. వాడి నిజాయితీనే పట్టుకుని వాడికి అడ్డం పెట్టారు, నాకు మండేది అక్కడే.

డాక్టరు దగ్గర కొత్తగా ఉత్తరం తీసుకుని, అది జతచేసి సప్లిమెంటల్ క్లెయిమ్, అంటే కొత్త ఆధారంతో మళ్ళీ క్లెయిమ్, వేద్దామని సాయంత్రం దాకా అనుకున్నాం. ఇప్పుడు వద్దనిపిస్తోంది. ఉన్న కాగితాల్లోనే జవాబుంటే హయ్యర్ లెవెల్ రివ్యూ, అంటే పై అధికారితో మళ్ళీ చూడమని, అడగడమే నయం. 20-0996 ఫారం, కొత్త కాగితం ఒక్కటీ తీసుకోరు, కానీ తప్పెక్కడుందో ఫోన్లో ఒకసారి చెప్పుకోవచ్చు. ఏడాది గడువుంది. అదీ కాదంటే అప్పుడే డాక్టరు ఉత్తరం.

పొద్దున్నే వాడికి ఫోన్ చేసి సారీ చెప్పాలి.

అసలు సంగతి మర్చిపోయాను, ఇవాళ మనవరాలు నాలుగడుగులు వేసింది. వీడియో పంపారు. కోడలు నేల మీద కూర్చుని పిలుస్తోంది, వాడు మాత్రం కుర్చీలోంచే చేతులు చాచాడు. అది కుర్చీ వైపే వెళ్ళింది.