హింజిలిలో 4,636

2024 జూన్ 4న ఆంధ్రాలో ప్రభుత్వం మారిపోతోందని చుట్టాలు ఒకటే ఫోన్లు. బరంపురంలో మా మావయ్య మాత్రం రిమోట్ వదల్లేదు, ఒడియా ఛానెల్లో హింజిలి ఓట్ల లెక్కింపు అంకెలే చూస్తూ కూర్చున్నారు, అత్తయ్య పెట్టిన చారన్నం కంచంలోనే చల్లారిపోయింది. మరి హింజిలి అంటే మా పక్కనే, అప్పటి ఒడిశా సీఎం నవీన్ పట్నాయక్ 2000 నుంచి గెలుస్తున్న అసెంబ్లీ సీటు, అక్కడ కూడా టెన్షన్ పడాల్సి వస్తుందని ఎవరనుకున్నారు? 2019లో 60 వేల పైచిలుకు మెజారిటీ, ఈసారి 4,636. ఆయన పోటీ చేసిన రెండో సీటు కాంటాబంజిలో అయితే 16,344 ఓట్ల తేడాతో ఓటమే. తండ్రి బిజూ పోయాక 1997లో అస్కా ఉపఎన్నికతో మొదలైన మనిషికి అదే మొదటి ఓటమి.

నన్నడిగితే కాంటాబంజి కంటే హింజిలి అంకే పెద్ద దెబ్బ. సొంత సీటులో జనం అంతలా జారిపోతుంటే పార్టీలో ఒక్కరూ పసిగట్టలేదా? అసెంబ్లీలోని 147 సీట్లలో బీజేపీకి 78, నవీన్ పార్టీ బీజేడీకి 51. ఇరవై నాలుగేళ్లు సీఎంగా ఉన్నా ఒడియా గడగడా రాలేదని మావయ్య ఎప్పుడూ వెటకారమే (ఆయన ఒడియా కూడా సగం తెలుగేలెండి!). ఆ రోజు మాత్రం, "ఎమ్మెల్యేగా అయినా మిగిలాడు, సభలో ఎదురుగా కూర్చుని అడుగుతాడు" అని టీవీ కట్టేశారు.