సర్వర్‌లో అంతా రాసి ఉంటుంది కదా

నిద్ర పట్టడం లేదు. కాఫీ మీదికి నెట్టేద్దామంటే, సాయంత్రం ఆరు దాటాక కాఫీ పొడి డబ్బా ఎక్కడుంటుందో అత్తయ్యకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎండ అందామంటే, మే నెలలో ఎండ గురించి గోల పెట్టేవాళ్లను కర్నూలు వాళ్లుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అసలు సంగతి సూపరింటెండెంటుగారు అన్న ఒక్క మాట. "సర్వర్‌లో అంతా రాసి ఉంటుంది కదమ్మా, కాస్త చూసి చెప్పు."

అకౌంట్స్‌లో పనిచేసే ఒకావిడ ఈ నెలంతా పొద్దున ఎన్నింటికి లాగిన్ అయిందో, తేదీల వారీగా కాగితం మీద కావాలట. వేలిముద్రల యంత్రం చెడిపోయి మూలన పడి ఉంది. దాన్ని బాగుచేయించాలంటే కొటేషన్లు పిలవాలి. సర్వర్లు చూసుకునే నన్ను పిలవాలంటే బెల్లు కొడితే చాలు.

అంతవరకు మంచి రోజే. స్టోర్స్‌లో పెద్దాయన ఖాతా రోజూ తెల్లారేసరికి లాక్ అయిపోతోంది, దాని గుట్టు ఇవాళ తేలింది. ఆఫీసులో అందరి పేర్లు, పాస్‌వర్డులు ఉండేది డైరెక్టరీ సర్వర్‌లో. ఎవరు ఎప్పుడు వచ్చి అడిగారో అది రాసుకునే యాక్సెస్ లాగ్‌లో మనిషి పేరు ఒక లైనులో ఉంటుంది, పాస్‌వర్డు చెల్లిందా లేదా అన్నది ఇంకో లైనులో ఉంటుంది. మధ్యలో పదిమంది మాటలు దూరిపోతాయి. ఆ రెంటినీ కలిపేవి కనెక్షన్ నంబరు, ఆపరేషన్ నంబరు మాత్రమే. ఆయన బైండ్‌లన్నీ, అంటే ఆయన పేరుతో లోపలికి రావడానికి జరిగిన ప్రయత్నాలన్నీ, ఏరి వాటి జవాబులు చూస్తే వరుసగా ఎర్రర్ 49. పాస్‌వర్డు తప్పు అని. అర్ధరాత్రి కూడా వస్తున్నాయి. ఆ కనెక్షన్ మొదలైన చోటికి వెళ్లి ఐపీ (నెట్‌వర్క్‌లో యంత్రం చిరునామా) చూస్తే, మెట్ల కింద ఉన్న స్కానర్! ఎవరో ఎప్పుడో ఆయన పాత పాస్‌వర్డును అందులో పెట్టి మరిచిపోయారు. తీసేశాను. "నాకే మతిమరుపు మొదలైందేమోనని భయపడ్డానమ్మా" అని ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆ ముచ్చట అక్కడితో సరి. వెంటనే బెల్లు.

సూపరింటెండెంటుగారికి చెప్పి చూశాను. సార్, బైండ్ అంటే ఒక పేరు, ఒక పాస్‌వర్డు వచ్చి తలుపు తట్టాయని మాత్రమే. మనిషి కుర్చీలో కూర్చుందని కాదు. ఆవిడ ఫోను తలగడ పక్కన ఉండి తెల్లవారుజామున దానంతట అదే మెయిల్ తెచ్చుకున్నా బైండే. అదీ మెయిల్ సర్వర్ ద్వారా వస్తుంది కాబట్టి లాగ్‌లో కనబడేది మెయిల్ సర్వర్ ఐపీ, ఆవిడ ఎక్కడుందో కాదు. ముందురోజు కంప్యూటర్ ఆపకుండా వెళ్లి, మర్నాడు తొమ్మిదిన్నరకే వచ్చి పని మొదలుపెట్టినా కొత్త బైండ్ పడకపోవచ్చు. ఈ లెక్కన ఇంట్లో పడుకున్నవాళ్లు ఐదింటికే హాజరు, ముందొచ్చినవాళ్లు గైర్హాజరు.

ఆయన తల ఊపుతూ అంతా విన్నారు. విన్నాక, "టైము అయితే ఉంటుంది కదా?" అన్నారు.

ఉంటుంది. సెకనులో వంద కోట్లవ వంతు దాకా ఉంటుంది. అదే ఖర్మ. అంత సన్నగా రాసి ఉన్నదాన్ని చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది.

"ఏదో ఒకటి ఇవ్వమ్మా, ఫైల్లో పెట్టాలి."

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. నిజం కావాలని ఆయన అనలేదు. ఏదో ఒకటి కావాలన్నారు. రేపు చూస్తానని వచ్చేశాను. ఇంటికొచ్చి చిన్నదాని మీద ఊరికే అరిచాను. అది వాళ్ల నాన్న దగ్గరకు వెళ్లి నా మీద ఏం చెప్పిందో గానీ, ఆయన అప్పటినుంచీ నాతో చాలా మర్యాదగా మాట్లాడుతున్నారు.

నాన్న గుర్తొచ్చారు. ఆయన కాలువ మీద లస్కరు, అంటే నీళ్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి. ఈ సంగతి ఎప్పుడూ రాయలేదనుకుంటాను. మామూలు రోజుల్లో నీటిమట్టం చూపే గేజీని పొద్దున, సాయంత్రం చూస్తే చాలు. నీళ్లు పెరుగుతున్నాయంటే మాత్రం గంట గంటకూ రాయమనేవారు. తెల్లటి పలక మీద నల్ల అంకెలు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య రంగు ఊడిపోయింది, అక్కడికి నీళ్లొస్తే నాన్న పక్క గోడ రాతి వరసలు చూసి చెప్పేవారు. టార్చి నా చేతిలో. వానలో రిజిస్టరు తీసుకెళ్తే ముద్దయిపోతుందని అది షెడ్డులో ట్రంకు పెట్టెలోనే ఉండేది. ఆయన అంకె అరిచి చెబితే నేను పరుగెత్తి షెడ్డు తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రాసేదాన్ని. పొద్దున్నే ఆయన చేతులు తుడుచుకుని, వాటినన్నిటినీ రిజిస్టరులోకి ఎక్కించేవారు.

ఒకరోజు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు జీపులో వచ్చారు. పేజీ తిప్పారు. నీళ్లెంత వచ్చాయో చూడలేదు, సిరా చూశారు. "రాత్రంతా ఒకే సిరా, ఒకే చేతి ఊపు. తెల్లారాక కూర్చుని రాసినట్టుందే?" నాన్న "అవును సార్, పొద్దున్నే రాశాను" అన్నారు. అంతే, ఆ పైన ఒక్క ముక్క లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది, నా సుద్ద అంకెలన్నీ తలుపుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. ఆ తలుపు ఒకసారి ఇటు లాగితే చాలు. ఎవరూ లాగలేదు. రాత్రి నిద్రపోయాడని నాన్నకు మెమో వచ్చింది. ఆ తర్వాత ఆయన రిజిస్టరును పాలిథిన్ సంచిలో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని వానలోకి వెళ్లడం మొదలుపెట్టారు. అమ్మ ఆ మెమోను చాలా ఏళ్లు తిట్టింది, కాగితాన్నే, మనిషిని తిట్టినట్టు.

ఈ కథ నుంచి నేను ఇన్నాళ్లూ నేర్చుకున్నది, ఏదీ పారేయకూడదని. దానికి తోడు 2009 అక్టోబరు. తుంగభద్ర, హంద్రీ కలిసి పాత బస్తీలోకి వచ్చేశాక ఎందరి ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు బురద ముద్దలయ్యాయో ఈ ఊళ్లో కొత్తగా చెప్పక్కర్లేదు. వీధి పొడవునా తాళ్ల మీద కాగితాలు ఆరేసిన ఊరు మాది. అందుకే నాకు లాగ్ తుడిచేయమంటే ప్రాణం పోతుంది. మా డైరెక్టరీ సర్వర్ పేరు 389 (డైరెక్టరీతో మాట్లాడే పద్ధతి ఎల్‌డాప్, దాని పోర్టు నంబరే ఈ పేరు). అందులో యాక్సెస్ లాగ్ ఫైలు 100 ఎంబీ నిండినా, రోజు గడిచినా కొత్తది మొదలవుతుంది. ఫైళ్లు పది దాటినా, మొత్తం 500 ఎంబీ దాటినా అన్నిటికన్నా పాతది పోతుంది. దానితో వచ్చిన అమరిక అది. నేను ఆ అంకెలన్నీ పెంచి, పాతవాటిని వేరే డిస్కులోకి సర్ది, ఇంకో డిస్కు కావాలని అడుగుతూనే ఉన్నాను. అడిగినప్పుడల్లా "అన్ని లాగులు ఎందుకమ్మా" అనే పెద్దమనిషి ఎవరో చెప్పాలా?

ఇంతవరకు రాసి మంచినీళ్లు తాగి వచ్చాను. వచ్చాక పైదంతా చదివితే నా వాదన నాకే సరిగా కనబడడం లేదు. ఆ రోజు ఏఈ గారికి ఆధారం తక్కువైందా? నీళ్ల లెక్క కోసం పెట్టిన పుస్తకంలో నిద్ర లెక్క వెతికారు. తలుపు చూపించి ఉంటే సుద్దరాత పిల్లదని ఇంకో మెమో ఇచ్చేవారేమో. నేను దాచిపెట్టిన డిస్కులో ఏముంది? ఆఫీసులో ప్రతివాళ్ల ఫోను ఎన్నింటికి మేలుకుందో, ఎన్నింటికి పడుకుందో ఏడాది పొడవునా ఉంది. ఫైళ్లకు 600 పర్మిషన్ పెట్టి, సర్వర్ ఖాతా, నేను తప్ప ఎవరూ చదవలేరని మురిసిపోతున్నాను. బెల్లు కొట్టి నన్నే అడిగితే ఆ 600 ఏం అడ్డుకుంటుంది?

అలాగని అన్నీ తీసేయలేను. స్కానర్ సంగతి తేలింది లాగ్ వల్లే. కానీ నిజం చెప్పాలంటే దానికి వారం రోజుల లాగ్ సరిపోయింది, ఏడాది అక్కర్లేకపోయింది. ఎర్రర్స్ లాగ్ వేరు, అది సర్వర్ తన జబ్బులు తాను చెప్పుకునేది, ఎంతకాలం ఉన్నా ఎవరి కొంపా మునగదు. ఆడిట్ లాగ్ ఇంకా వేరు. డైరెక్టరీలో ఎవరు ఏం మార్చారో అందులో పడుతుంది, మొదట్లో ఆపి ఉంటుంది, నేనే పట్టుబట్టి తెరిపించాను. రేపు నా పనిని కూడా అదే పట్టిస్తుంది కాబట్టి దాని జోలికి నేను అసలు పోను. దానికి డిస్కు అడగడం మానను.

యాక్సెస్ లాగ్‌కు మాత్రం నెల గడువు. పాత డిస్కులో దాచినవి పోతాయి. ఈ నెలది ఉంటుంది, దాచిపెట్టారని రేపు ఎవరూ అనకూడదు. కావాలంటే పైవాళ్ల సంతకంతో అడగాలి, అప్పుడు కూడా ఫోను సంగతి, మెయిల్ సర్వర్ సంగతి పైన రాసి మరీ ఇస్తాను. ఈ మార్పు పొద్దున్నే, సూపరింటెండెంటుగారు రాకముందే చేసేయాలి. తొందరేమీ లేదు. ఆయన వచ్చేది పదిన్నర దాటాక, అది చెప్పడానికి ఏ లాగూ చూడనక్కర్లేదు.