చివితావెక్కియా రేవులో ఓడ దిగేసరికి

ఓడ దిగి రోమ్ చూసి సాయంత్రానికి తిరిగి రావడం తేలికే. దిగడమే కష్టం, అదీ మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు.

మా ఓడ గ్రీసులోని పిరేయస్‌లో బయలుదేరి, టర్కీలోని కుషదాసి మీదుగా నేరుగా రోమ్ రేవు చివితావెక్కియా చేరింది. టర్కీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, లేదు. అంటే అక్కడికి వెళ్లగానే గ్రీసులో వాడిన ఎంట్రీ అయిపోయినట్టే, ఇటలీకి మరొకటి కావాలి. మా ట్రావెల్ ఏజెంటు "సింగిల్ ఎంట్రీ చాలు సార్" అని ఎంత చెప్పినా నేను ఒప్పుకోలేదు. పట్టుబట్టి మల్టిపుల్ ఎంట్రీ వేయించాను. వీసా స్టిక్కరు మీద ఎంట్రీల గడి చూసుకోండి. అక్కడ 01 అని ఉంటే ఒక్కసారే.

పొద్దున్నే అందరూ దిగుతుంటే మమ్మల్ని మాత్రం "ఇండియన్లు పక్కకు రండి" అని ఒక హాల్లో నిలబెట్టారు. ఎందుకో చెప్పలేదు. పాస్‌పోర్టులు ఓడవాళ్ల దగ్గరే ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కుర్చీ అడిగితే కౌంటరులోని అమ్మాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే ఆగమని చెయ్యి చూపింది. దారిన పోయేవాళ్లు మమ్మల్ని నేరస్తుల్లా చూశారు. తీరా ఇటలీ పోలీసులు వచ్చాక ముద్ర పడటానికి నిమిషం పట్టలేదు! ఆలస్యమంతా పాస్‌పోర్టులు సిద్ధం చేయని ఓడవాళ్లదే. టికెట్టు డబ్బులు మా దగ్గర ఏమైనా తగ్గించి తీసుకున్నారా? తనిఖీ ఉంటుందని ముందురోజు రాత్రి గదికి ఒక కాగితం పంపితే ఏం పోయేది? మా పక్కనే ఉన్న విజయవాడ కుటుంబానిది సింగిల్ ఎంట్రీ. వాళ్లను దిగనివ్వలేదు. ఆ పిల్లల ముఖాలు చూడలేకపోయాను. అలాంటి వీసా ఇప్పించిన ఏజెంటును ఊరికే వదలకూడదు.

తర్వాతదంతా సులువే. రేవు లోపల లార్గో దెల్లా పాచె అనే బస్సు స్టాపు దాకా ఉచిత బస్సు, అక్కడి నుంచి రైల్వే స్టేషను కొంత దూరం. లోకల్ రైలు కాగితం టికెట్టును ఎక్కేముందే యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. రోమా సాన్ పియెత్రో స్టేషనులో దిగితే వాటికన్‌కు నడిచి వెళ్లవచ్చు. అక్కడి పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాలోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతోనే రానిస్తారు. అమ్మ చీరకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

తిరుగు రైలు మాత్రం ఓడ ఎక్కాల్సిన వేళకు కనీసం రెండు గంటల ముందే చివితావెక్కియా చేరేది చూసుకోండి. ఓడవాళ్ల టూరులో వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు.